ఇంట్లో ఆర్‌ఓ ఫిల్టరు: బిగించే ముందు, బిగించేటప్పుడు, ఆ తర్వాత

డ్రిప్ పెట్టుకోవడానికో, తోట వేయడానికో బోరు నీటి పరీక్ష కాగితం పట్టుకుని రైతులు మా కార్యాలయానికి వస్తుంటారు. పైరుకు పనికొస్తాయా లేదా అన్నది చెప్పి కాగితం తిరిగి ఇచ్చేటప్పుడు పదిమందిలో ఎనిమిది మంది అడిగే ప్రశ్న ఒకటే: "సార్, మరి ఈ నీళ్లు తాగొచ్చా?" ఆ వెంటనే రెండో ప్రశ్న: "ఆర్‌ఓ మిషను పెట్టించుకుంటే సరిపోతుందా?"

రెండో ప్రశ్నకు అవునని ఒక్క మాటలో చెప్పలేను. ఆర్‌ఓ మంచి యంత్రమే. ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పు శాతం ఎక్కువగా ఉన్న బోరు నీటిని ఇంట్లోనే తాగునీరుగా మార్చుకోవడానికి ఇంతకంటే సులువైన మార్గం ప్రస్తుతానికి లేదు. అయితే సరిగా బిగించకపోతే, ఒక చిన్న స్క్రూ తప్పుగా తిప్పితే, మిషను రోజంతా నడుస్తూనే ఉంటుంది, నీళ్లు తియ్యగానే ఉంటాయి, ఫ్లోరైడ్ మాత్రం గ్లాసులోకి వస్తూనే ఉంటుంది. ఇది మా ఇంట్లోనే జరిగింది. ఆ సంగతి కింద వివరంగా చెప్తాను.

ముందు నీళ్లు పరీక్ష చేయించండి

మిషను అమ్మేవాళ్లు జేబులో పెన్ను లాంటి మీటరు తెస్తారు. గ్లాసులో ముంచి "టీడీఎస్ 1200 ఉంది, చూశారా" అంటారు. టీడీఎస్ అంటే నీటిలో కరిగి ఉన్న మొత్తం లవణాలు. ఆ మీటరు నిజానికి కొలిచేది నీటి విద్యుత్ వాహకతను. దాన్ని ఒక గుణకంతో హెచ్చించి పీపీఎంలో చూపిస్తుంది. అంటే నీటిలో ఉప్పు ఎంత ఉందో సుమారుగా చెప్తుంది కానీ ఆ ఉప్పులో ఏముందో చెప్పదు. ఫ్లోరైడ్ లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉన్నా, సున్నా ఉన్నా మీటరులో తేడా కనిపించదు. 1200లో 4 ఎంత? సూక్ష్మజీవుల గురించి అసలే చెప్పదు.

తాగునీటికి మన దేశంలో పాటించే ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మి.గ్రా. లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేనప్పుడు 2000 వరకు అనుమతిస్తారు. మొత్తం కాఠిన్యం 200, వేరే దారి లేకపోతే 600. ఫ్లోరైడ్ 1.0, తప్పనిసరైతే 1.5. నైట్రేట్ 45, దీనికి సడలింపు లేదు. యూరియా ఎక్కువగా వేసే పొలాల మధ్య బోర్లలోనూ, పెంటకుప్పల పక్కన, మరుగుదొడ్డి గుంతల దగ్గర ఉన్న బావుల్లోనూ నైట్రేట్ చూడటం తప్పనిసరి. సీసాపాలు కలుపుకుని తాగే పసిపిల్లలున్న ఇంట్లో మరీ ముఖ్యం.

పరీక్ష ఎక్కడ చేయించాలి? మా వ్యవసాయ ప్రయోగశాలల్లో సాగునీటికి కావలసినవి, అంటే పీహెచ్, ఈసీ, కార్బొనేట్లు వంటివి చూస్తారు. తాగునీటికి ఆర్‌డబ్ల్యూఎస్ అని పిలిచే గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు వెళ్లాలి. నమూనా కోసం లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకోండి. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా వద్దు. మోటారు పది నిమిషాలు నడిచాక అదే నీటితో సీసాను మూడుసార్లు కడిగి, నిండా పట్టి, మూత బిగించి, దానిపై ఊరు, బోరు లోతు, తేదీ రాయండి. బాక్టీరియా పరీక్షకు వేరే శుద్ధి చేసిన సీసా ప్రయోగశాలలోనే ఇస్తారు. నడివేసవిలో నీటిమట్టం పడిపోయినప్పుడు ఒకసారి, వర్షాలు తగ్గాక ఒకసారి చూపిస్తే మంచిది. ఒకే బోరులో ఈ రెండు కాలాల మధ్య అంకెలు బాగా మారడం నేను చాలాసార్లు చూశాను.

ఎవరికి అవసరం, ఎవరికి కాదు

పరీక్షలో టీడీఎస్ 500 లోపు ఉండి, ఫ్లోరైడ్, నైట్రేట్ హద్దులో ఉంటే మీకు ఆర్‌ఓ అక్కర్లేదు. నది నీరు కుళాయిలో వచ్చే ఊళ్లలో చాలావరకు ఇదే పరిస్థితి. సూక్ష్మజీవుల భయం ఉంటే కాచి చల్లార్చుకోండి, లేదా యూవీ ఫిల్టరు పెట్టుకోండి. టీడీఎస్ 500 కంటే తక్కువ ఉన్న చోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా కేంద్ర పర్యావరణ శాఖకు చెప్పింది. కారణం నీటి వృథా. మంచి నీళ్లను మిషనులో పోసి మూడొంతులు మోరీలో వదలడం మన మెట్ట ప్రాంతాల్లో పాపమే.

అవసరం ఉన్నవాళ్లు ఎవరంటే ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లవారు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి వైద్యశాస్త్రంలో నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆ పల్లెల్లో చాలావరకు ఇప్పటి పశ్చిమ ప్రకాశం మెట్టలో ఉన్నాయి. నల్గొండ సంగతి అందరికీ తెలుసు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించినప్పుడు దానికి నల్గొండ పేరే పెట్టారు. భగీరథ నీళ్లు వచ్చాక అక్కడ పరిస్థితి మారింది. అయినా పొలం బోరు నీళ్లే తాగే ఇళ్లు ఎక్కడైనా ఉంటాయి.

ఇక్కడ ఒక మాట. "కాచి తాగుతున్నాం సార్" అని చాలామంది అంటారు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. పైగా నీరు ఆవిరై మిగిలిన నీటిలో ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. అలాగే తాగడానికి క్యాన్ కొనుక్కుని, అన్నం, పప్పు మాత్రం బోరు నీటితో వండుకునే ఇళ్లున్నాయి. బియ్యం, పప్పు ఉడికేటప్పుడు పీల్చుకున్న నీటిలోని ఫ్లోరైడ్ మన కడుపులోకే పోతుంది. టీ, మజ్జిగ కూడా అంతే. కాబట్టి ఇంట్లో ఆర్‌ఓ పెట్టుకుంటే వంటకూ ఆ నీళ్లే వాడాలి. ఐదుగురున్న ఇంటికి తాగడానికి, వంటకు కలిపి రోజుకు 20 నుంచి 25 లీటర్లు లెక్క వేసుకోండి.

కొనేటప్పుడు

మామూలుగా ఇళ్లకు వచ్చే మిషన్లలో ఉండేవి ఇవి. మట్టి, ఇసుక పట్టే స్పన్ ఫిల్టరు, క్లోరిన్‌ను, వాసనను పట్టే కార్బన్ ఫిల్టరు, నీటిని ఒత్తిడితో నెట్టే చిన్న పంపు, అసలు పని చేసే మెంబ్రేన్, చివర మళ్లీ ఒక కార్బన్. పైన యూవీ, యూఎఫ్, కాపర్, ఆల్కలైన్ అని ఎన్ని పేర్లు అతికించినా ఫ్లోరైడ్, ఉప్పు తీసేది మెంబ్రేన్ ఒక్కటే. మిగిలినవాటికి డబ్బు పెట్టే ముందు అది గుర్తుపెట్టుకోండి. ఐఎస్ఐ గుర్తు కింద ఐఎస్ 16240 అంకె ఉందేమో చూడండి. మీ పరీక్ష కాగితం దుకాణంలో చూపించి, ఆ టీడీఎస్‌కు సరిపోయే మెంబ్రేన్ వేయమని అడగండి. మామూలు మెంబ్రేన్ 1500 దాటితే ఇబ్బంది పడుతుంది, ఎక్కువ ఉప్పుకు వేరే రకం ఉంటుంది. కాఠిన్యం 400 దాటితే, అంటే బకెట్ల అంచుకు, స్టీలు గిన్నెలకు తెల్లని పొర పట్టే నీళ్లయితే, మెంబ్రేన్‌కు ముందు యాంటీస్కేలెంట్ కాట్రిడ్జి తప్పనిసరి. లేకపోతే ఏడాది తిరగకుండా మెంబ్రేన్ సున్నం పట్టి గట్టిపడిపోతుంది.

మీ మండల కేంద్రంలో సర్వీసు చేసే మనిషి ఉన్నాడా అన్నది పెద్ద పేరున్న మిషను కంటే ముఖ్యం. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు తెప్పించుకుని, సోలెనాయిడ్ వాల్వు పాడైతే జిల్లా కేంద్రం దాకా పోవలసి వచ్చినవాళ్లు నాకు తెలుసు.

ఎక్కడ బిగించాలి

వంటింట్లో సింకు పక్క గోడ సరైన చోటు. స్టౌకు కనీసం మూడడుగుల దూరం ఉండాలి, ఎండ తగలకూడదు. పైన బల్లి పాకే మూల, కింద మిక్సీ పెట్టే గట్టు వద్దు. ఎర్తింగ్ ఉన్న త్రీపిన్ సాకెట్టు కావాలి, అది మిషనుకు సరిగ్గా కింద కాకుండా పక్కకు ఉండాలి. ఎక్కడో ఒక జాయింటు కారితే నీళ్లు ప్లగ్గు మీద పడకూడదు కదా. మన పల్లెల్లో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది, మిషను పెట్టే ముందు ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

అందరూ మరిచిపోయేది నీటి ఒత్తిడి. పది మీటర్ల ఎత్తున్న నీరు ఒక కిలో ఒత్తిడి ఇస్తుంది. డ్రిప్ పెట్టుకున్న రైతుకు ఇది కొత్త లెక్క కాదు. చాలా మిషన్లకు కనీసం 0.3 కిలోల ఒత్తిడి కావాలి, అంటే మూడు మీటర్ల ఎత్తు. ఒక అంతస్తు డాబా మీద ట్యాంకు నేల మీదే పెట్టి, కింద గోడకు ఐదడుగుల ఎత్తులో మిషను బిగిస్తే మధ్యలో ఉండేది రెండు మీటర్లే. ట్యాంకు సగమైతే మిషను ఆగిపోతుంది, నిండితే నడుస్తుంది. మెకానిక్ వచ్చి పంపు పాడైందంటాడు. అది పంపు తప్పు కాదు. ట్యాంకు కింద నాలుగడుగుల దిమ్మె కట్టించండి, లేదా లోపలికి నీరు లాగే రకం పంపు వేయించండి. దీనికి వ్యతిరేకంగా, బోరు మోటారు నుంచి నేరుగా వచ్చే పైపుకు మిషను ఎప్పుడూ కలపకండి. మోటారు వేసిన ప్రతిసారీ ఒత్తిడి దెబ్బకు జాయింట్లు ఊడుతాయి.

నల్లటి ట్యాంకు డాబా మీద మే నెల ఎండలో ఉంటే మధ్యాహ్నానికి నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. 40 డిగ్రీలు దాటిన నీరు మెంబ్రేన్‌కు పడదు. వేడి నీటిలో మెంబ్రేన్ గుండా ఉప్పు కూడా ఎక్కువ జారిపోతుంది. వేసవిలో మిషనును తెల్లవారుజామునే నడిపి నింపుకోండి. సోలార్ హీటరు పైపుకు పొరపాటున కలపకుండా చూసుకోండి.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి

పని గంటన్నరకు మించదు, అంతసేపు పక్కనే ఉండండి. కుళాయి పైపుకు మూడు దారుల వాల్వు వేసి, అక్కడి నుంచి పావు అంగుళం తెల్ల పైపు మిషనుకు తెస్తారు. మిషను బయట ఒక స్పన్ ఫిల్టరు గిన్నె విడిగా పెట్టించుకోండి. అది పారదర్శకంగా ఉంటే మట్టి పట్టడం కంటికి కనిపిస్తుంది. పైపు చివర నేరుగా, నున్నగా కోయాలి. కత్తితో ఏటవాలుగా కోసిన పైపే రేపు కారుతుంది.

కార్బన్ ఫిల్టరులో మొదట నల్లటి పొడి ఉంటుంది. మెంబ్రేన్ వేయకముందే నీళ్లు వదిలి ఆ నలుపు పోయేదాకా కడగాలి. తొందరపడి కడగకుండా మెంబ్రేన్ వేస్తే ఆ పొడంతా దాని మీద పేరుకుంటుంది. మెంబ్రేన్ సీలు మీ ముందే విప్పమనండి. రెండు చిన్న రబ్బరు రింగులున్న కొన లోపలికి పోవాలి, అది గూడులో గట్టిగా కూర్చోవాలి. సరిగా కూర్చోకపోతే ఉప్పు నీరు పక్కనుంచి దూరి మంచినీటిలో కలుస్తుంది. మెంబ్రేన్ గూడు మీద తేదీ మార్కరుతో రాయండి. ఎరువుల బస్తా కొన్న తేదీ రాసిపెట్టుకునే అలవాటున్నవాళ్లకు ఇది కష్టం కాదు.

ఇక వృథా నీటి పైపులో ఒక చిన్న ముక్క ఉంటుంది, ఎఫ్‌ఆర్ అంటారు, ఫ్లో రెస్ట్రిక్టర్. దాని మీద 300, 450 వంటి అంకె ఉంటుంది. వృథా నీరు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు పోవాలో అది నిర్ణయిస్తుంది. మెంబ్రేన్‌లో ఒత్తిడి నిలబడేది దాని వల్లే. నీళ్లు వృథా పోతున్నాయని కొందరు ఆ పైపు మడిచి తాడు కడతారు. అలా చేస్తే లవణాలు బయటికి పోయే దారి మూసుకుపోయి నెలల్లోనే మెంబ్రేన్ చస్తుంది. ఎఫ్‌ఆర్ తీసేసి పైపు నేరుగా వదిలితే నీరంతా వృథాలోకే పోతుంది.

అంతా అయ్యాక ప్రతి జాయింటును పొడి కాగితంతో తుడిచి చూడండి. మొదటి రెండు ట్యాంకుల నీళ్లు తాగకండి, పారబోయండి. కొత్త మెంబ్రేన్‌కు నిల్వ కోసం రాసిన మందు అందులో ఉంటుంది.

టీడీఎస్ కంట్రోలర్ అనే స్క్రూ

ఇప్పుడు మా ఇంటి సంగతి. నాలుగేళ్ల కింద బదిలీ మీద ఒక మెట్ట పట్టణానికి వెళ్లాం. ఇంటి బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే టీడీఎస్ 1180, ఫ్లోరైడ్ 4.2 వచ్చింది. వెంటనే ఆర్‌ఓ పెట్టించాను. బిగించిన కుర్రాడు మంచివాడే, పని తెలిసినవాడే. మొదట టీడీఎస్ 70 వచ్చింది. "సార్, మరీ 70 అయితే ఒంట్లో మినరల్స్ ఉండవు, రుచి కూడా చప్పగా ఉంటుంది, 350కి సెట్ చేస్తున్నా" అని మిషను లోపల ఒక చిన్న స్క్రూ తిప్పాడు. మీటరు 350 చూపించింది. ప్రమాణం 500 కదా, లోపలే ఉంది అనుకుని సంతకం పెట్టాను. వ్యవసాయ పట్టభద్రుడిని, ముప్పై ఏళ్లుగా రైతులకు నీటి పరీక్షలు చదివి చెప్తున్నవాడిని. నాకు తట్టలేదు.

పదకొండు నెలల తర్వాత అమ్మాయి, మూడేళ్ల మనవడు మా దగ్గర ఉండటానికి వచ్చారు. ఆఫీసు పని మీద ప్రయోగశాలకు వెళ్తూ, ఎందుకైనా మంచిదని ఇంటి ఫిల్టరు నీళ్లు కూడా ఒక సీసా తీసుకెళ్లాను. ఫ్లోరైడ్ 1.4 వచ్చింది. మిషను పాడైందేమోనని ముందు అనుకున్నాను. మిషను బాగానే ఉంది. ఆ స్క్రూ చేసే పని ఏమిటంటే, మెంబ్రేన్ దాకా పోని బోరు నీటిని కొంత పక్క దారిన తెచ్చి శుద్ధమైన నీటిలో కలపడం. లెక్క వేసి చూడండి. 70 ఉన్న నీటిని 350 చేయాలంటే 1180 ఉన్న నీళ్లు నాలుగో వంతు కలపాలి. ఆ నాలుగో వంతుతో 4.2లో నాలుగో వంతు ఫ్లోరైడ్ కూడా వస్తుంది, అంటే సుమారు 1.05. మెంబ్రేన్ వదిలిన కొద్దిపాటితో కలిపితే 1.4. మేం తాగిన ప్రతి నాలుగు గ్లాసుల్లో ఒకటి బోరు నీళ్లే అన్నమాట. పక్క దారిలో యూఎఫ్, యూవీ ఉన్నా అవి క్రిములకే, ఫ్లోరైడ్‌ను ఆపలేవు.

పెద్దవాళ్లకు పదకొండు నెలల్లో ఏమీ కాకపోవచ్చు. పిల్లల విషయం అలా కాదు. ఎనిమిదేళ్ల లోపు చిగుళ్ల లోపల శాశ్వత దంతాలు తయారవుతూ ఉంటాయి. ఆ వయసులో ఎక్కువ ఫ్లోరైడ్ పోతే తర్వాత వచ్చే పళ్లు గార పట్టినట్టు, గోధుమరంగు మచ్చలతో వస్తాయి. ఆ మచ్చ తోమితే పోయేది కాదు. ఇదే నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు పట్టేసే దశ. మా మనవడు వచ్చి అప్పటికి రెండు వారాలే. స్క్రూ ఆ సాయంత్రమే పూర్తిగా మూసేశాను.

కాబట్టి మీ నీటిలో ఫ్లోరైడ్ లేదా నైట్రేట్ హద్దు దాటి ఉంటే టీడీఎస్ కంట్రోలర్ పూర్తిగా మూసి ఉంచమని మెకానిక్‌కు గట్టిగా చెప్పండి. సర్వీసుకు వచ్చిన ప్రతిసారీ అడగండి, వాళ్లు అలవాటుగా తిప్పేస్తారు. ఆ స్క్రూ లేని మిషను దొరికితే ఇంకా మంచిది. టీడీఎస్ 40, 60 వచ్చినా కంగారు పడనక్కర్లేదు. కాల్షియం, మెగ్నీషియం మనకు ప్రధానంగా అందేది తిండి నుంచే. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ఆకుకూరలు తినే ఇంట్లో నీటిలోని ఖనిజాల కోసం బోరు నీళ్లు కలుపుకోవలసిన పని లేదు. చప్పదనం వారం రోజుల్లో అలవాటైపోతుంది. రుచి తప్పదంటే మినరల్ కాట్రిడ్జి పెట్టించుకోండి. అది మెంబ్రేన్ దాటిన నీటికే కొద్దిగా లవణం చేరుస్తుంది, పచ్చి నీళ్లు కలపదు.

బిగించిన వారం తర్వాత ఒకసారి, ఆపై ఏడాదికోసారి ఫిల్టరు నీటిని కూడా ప్రయోగశాలలో ఫ్లోరైడ్ చూపించండి. అందరూ బోరు నీళ్లే తీసుకొస్తారు, ఫిల్టరు నీళ్లు తెచ్చినవాళ్లు నాకు తెలిసి ఇద్దరో ముగ్గురో.

రోజూ నడిపేటప్పుడు

టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కోండి. అది ఫ్లోరైడ్ చెప్పదన్నాను, కానీ మెంబ్రేన్ ఆరోగ్యం చెప్తుంది. కంట్రోలర్ మూసి ఉన్నప్పుడు లోపలికి పోయే నీరు, బయటికి వచ్చే నీరు రెండూ కొలిచి గోడ మీద క్యాలెండరులో నెలకోసారి రాయండి. 1180 లోపలికి పోయి 70 వస్తుంటే మెంబ్రేన్ 94 శాతం తీసేస్తోందని అర్థం. అది 150 దాటి క్రమంగా పెరుగుతోందంటే మెంబ్రేన్ వయసైపోతోంది. ఒక్కసారిగా పెరిగితే రబ్బరు రింగు జారి ఉంటుంది, ముందు అది చూడమనండి. కొత్త మెంబ్రేన్ అమ్మడానికి తొందరపడే మెకానిక్‌కు మీ క్యాలెండరే సమాధానం.

ఇంకో పరీక్ష. రెండు చెంబులు తీసుకుని మంచినీరు, వృథా నీరు నిమిషం పాటు విడివిడిగా పట్టి కొలవండి. మంచినీరు నిమిషానికి 150 నుంచి 200 మిల్లీలీటర్లు, వృథా దానికి రెండు మూడు రెట్లు ఉంటే మామూలే. మంచినీరు తగ్గి వృథా అంతే ఉంటే మెంబ్రేన్‌కు సున్నం పట్టి ఉండొచ్చు. వృథా నీరు పూర్తిగా ఆగితే మిషను వెంటనే ఆపేయండి. మిషను ఆగి ఉన్నా వృథా పైపు నుంచి నీళ్లు కారుతూనే ఉంటే సోలెనాయిడ్ వాల్వు పాడైనట్టు. ఇది రాత్రంతా ట్యాంకు ఖాళీ చేసేస్తుంది.

స్పన్ ఫిల్టరు గోధుమరంగు తిరిగితే మార్చాలి. బోరు నీటికి మూడు నెలలు, మహా అయితే ఆరు. అది చౌకైన వస్తువు, మీరే మార్చుకోవచ్చు. కార్బన్ ఫిల్టర్లు ఆరు నెలల నుంచి ఏడాది. మెంబ్రేన్ ఏడాదిన్నర నుంచి మూడేళ్లు, నీటిని బట్టి. పంచాయతీ వాళ్లు ట్యాంకులో బ్లీచింగ్ కలిపిన రోజు, లేదా మీరే బావిలో వేసుకున్న రోజు, వాసన పోయేదాకా మిషనుకు నీటి వాల్వు మూసేయండి. క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది. కార్బన్ కాపాడుతుంది కానీ పాతబడిన కార్బన్ కాపాడలేదు. ఉరుముల వానలో, కరెంటు ఎక్కువ తక్కువ వస్తున్నప్పుడు ప్లగ్గు తీసేయండి, అడాప్టరు కాలడం పల్లెల్లో వచ్చే మొదటి రిపేరు.

వృథా నీళ్లు ఏం చేయాలి

లీటరు మంచినీటికి మూడు లీటర్లు పోతుంటే, రోజుకు 20 లీటర్లు వాడే ఇంట్లో 60 లీటర్లు వృథా. ఏడాదికి దాదాపు 22 వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు పైనే. వాటిని మోరీలో వదిలేయమని నేను చెప్పను. కానీ రైతులు చేసే మొదటి పని పైపును తీసుకెళ్లి జామచెట్టుకో కరివేపాకు చెట్టుకో పెట్టడం. అక్కడే ఇబ్బంది.

మా ఇంటి లెక్కే చెప్తాను. 1180 ఉన్న నీటి నుంచి నాలుగో వంతు శుద్ధమై పోతే మిగిలిన దానిలో టీడీఎస్ సుమారు 1550. ఈసీలో చెప్పాలంటే 2.4 దాకా. రోజుకు 60 లీటర్లు అంటే 93 గ్రాముల లవణం. ఏడాదికి 34 కిలోలు. మూడు పెద్ద బకెట్ల ఉప్పు ఒకే చెట్టు మొదట్లో పోసినట్టు. వాన కొట్టుకుపోయే ఇసుక నేలల్లో కొన్నాళ్లు ఆగుతుంది. నల్లరేగడిలో రెండేళ్లకు నేల పైన తెల్లటి పొర కనిపిస్తుంది, ఆకుల అంచులు ఎండుతాయి. చిక్కుడు, బీన్స్, ఉల్లి, క్యారెట్ ఉప్పుకు అసలు ఓర్వలేవు. కొబ్బరి కాస్త నయం. చెట్లకు పెట్టాలనుకుంటే పైపును వారానికో చెట్టుకు మార్చండి, మధ్యలో మంచి నీళ్లు ఒకసారి నిండుగా పెట్టండి, వానాకాలంలో పూర్తిగా ఆపండి.

ఈ నీళ్లకు సరైన చోటు మరుగుదొడ్డి, బండలు కడగడం, గిన్నెల మొదటి కడుగు, ట్రాక్టరు, బండి టైర్లు. ఒక డ్రమ్ము పెట్టి అందులో పట్టుకోండి. స్ప్రేయింగుకు మాత్రం వాడకండి. కాఠిన్యం ఎక్కువైన నీటిలో గ్లైఫోసేట్ వంటి కలుపు మందుల బలం తగ్గిపోతుంది. మళ్లీ బోరులోకి, ఇంకుడు గుంతలోకి పంపడం అసలు వద్దు, తీసిన ఉప్పునే రేపు మళ్లీ తోడుకుంటారు.

పశువుల తొట్టిలో పోయడం చాలా ఇళ్లలో చూస్తున్నాను. ఉప్పు మాత్రమే అయితే గేదె తట్టుకుంటుంది. కానీ ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో మెంబ్రేన్ తీసేసిన ఫ్లోరైడంతా ఈ వృథా నీటిలోనే ఉంటుంది. మా 4.2 అక్కడ 5.5 దాటుతుంది. పశువుల నీటిలో ఫ్లోరైడ్ 2 దాటకూడదని ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ హద్దు. పశువులకూ ఫ్లోరోసిస్ వస్తుంది. పళ్లు అరిగి మేత నమలలేవు, కాళ్లు బిగుసుకుని కుంటుతాయి, పాలు తగ్గుతాయి. ముసలితనం అనుకుని అమ్మేస్తారు. పెయ్యల తొట్టికి ఈ పైపు అసలు పెట్టకండి.

ఊరెళ్లేటప్పుడు

పండక్కో పెళ్లికో నాలుగు రోజులు ఊరెళ్తే నీటి వాల్వు మూసి, ప్లగ్గు తీసి, మిషను ట్యాంకులోని నీళ్లు వంచేసి వెళ్లండి. ఆర్‌ఓ నీటిలో క్లోరిన్ ఉండదు కాబట్టి నిల్వ ఉంటే క్రిములు తొందరగా పెరుగుతాయి. తిరిగొచ్చాక మొదటి ట్యాంకు నీళ్లు బట్టలకు వాడుకుని, రెండో ట్యాంకు నుంచి తాగండి. నెల పైన మూసి ఉంచాల్సి వస్తే మెంబ్రేన్ ఎండిపోకుండా తడిగానే ఉండాలి. ఎండితే మళ్లీ పనికిరాదు. పొరుగింటి వాళ్లకు తాళం ఇచ్చి, వారానికోసారి అరగంట నడపమని చెప్పి వెళ్లడం అన్నిటికంటే సులువు.